ఇంటి నెట్‌వర్క్ మనమే వేసుకుందాం – 4: ఏ రౌటర్ కొనాలి?

కిందటి పాఠంలో ఇంటి పటం గీసి, ఏ గదిలో ఎన్ని ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లు నెట్ వాడతాయో రాయమన్నాను. ఆ కాగితం ముందు పెట్టుకోండి.

మొదట గోడకు బిగించిన ఫైబర్ డబ్బా చూడండి. దాన్ని ఓఎన్‌టీ అంటారు. ఈమధ్య ఇస్తున్న చాలా డబ్బాల్లో రౌటర్, వైఫై కలిసే ఉంటున్నాయి. ఇల్లు రెండు గదులదైతే అదే చాలు, కొత్తది కొనకండి. (అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.)

కొనక తప్పదంటే మాత్రం యాంటెనాలు లెక్కపెట్టకండి. నేను మొదటిసారి అదే చేశాను. నాలుగు యాంటెనాలు, పెట్టె మీద 'ఏసీ1200' అన్న పెద్ద అక్షరాలు చూసి తెచ్చాను. ప్లాన్ 200 ఎంబీపీఎస్. ఎప్పుడు కొలిచినా 94 దాటదు. కనెక్షన్ ఇచ్చిన కుర్రాడితో రెండు రోజులు గొడవపడ్డాక తేలింది, తప్పు నాదేనని. రౌటర్ వెనక వాన్ పోర్టు (బయటి నెట్ కేబుల్ గుచ్చే రంధ్రం) 100 ఎంబీపీఎస్‌దే. బయటి నుంచి వచ్చే దారే అంత ఉంటే, లోపల వైఫై ఎంత వేగమైతే ఏం లాభం? ఆ 1200 కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి గుండ్రం చేసిన అంకె. కాగితం మీది లెక్క. కాబట్టి చిన్న అక్షరాలు చదవండి: '10/100' అని ఉంటే వదిలేయండి, '10/100/1000' లేదా 'గిగాబిట్' అని ఉంటే తీసుకోండి.

రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండు బ్యాండ్లూ (వైఫై నడిచే రేడియో దారులు) ఉండాలి. 2.4 గోడలు దాటి దూరం పోతుంది కానీ నెమ్మది, పైగా అపార్ట్‌మెంట్లలో అందరి రౌటర్లూ అందులోనే కొట్టుకుంటాయి. 5 వేగం, గోడ అడ్డొస్తే నీరసపడుతుంది. పరికరాలు పది, పదిహేను దాటితే వైఫై 6 (ఏసీ తర్వాత వచ్చిన వైఫై తరం) మంచిది.

పై అంతస్తు ఉందా? స్లాబ్ దాటించడం ఎంత ఖరీదైన రౌటర్‌కైనా కష్టమే. పైకి ఒక కేబుల్ లాగి అక్కడ రెండోది పెట్టడమే నాకు నచ్చిన దారి. కేబుల్ కుదరకపోతే మెష్, అంటే గాల్లోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఒకే వైఫైగా పనిచేసే రెండు మూడు డబ్బాల సెట్. వైఫైని అందుకుని మళ్లీ ముందుకు పంపే చవక రిపీటర్ల జోలికి పోవద్దు. ఒకే రేడియోతో వినడం, చెప్పడం రెండూ చేసేవైతే వేగం సగానికి పడిపోతుంది.

ఈ వారం అభ్యాసం: ఓఎన్‌టీ నుంచి ల్యాప్‌టాప్‌కు కేబుల్ పెట్టి, నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. 1000 బదులు 100 కనిపిస్తే పోర్టును తిట్టే ముందు కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌కు లోపలి ఎనిమిది తీగలూ బాగుండాలి, 100కు నాలుగు చాలు. పాత రౌటర్ పారేయకండి, 5వ పాఠంలో దాన్ని పై అంతస్తుకు ఎక్కిద్దాం.