బోర్లా పడింది మొదలు అడుగులేసే దాకా: బిడ్డకు ఏ వస్తువు, ఎప్పుడు?

నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు అంటూ మన పెద్దలు బిడ్డ ఎదుగుదలను పిండివంటలతో లెక్కపెట్టుకున్నారు. ఊరిని బట్టి ఒకటి రెండు వంటలు మారవచ్చు గానీ లెక్క మాత్రం ఒకటే. బిడ్డకు ఎన్నో నెల వచ్చిందన్నది కాకుండా, బిడ్డ ఏం చేయడం మొదలుపెట్టిందన్నదే వారు చూశారు. పసికందు దశ దాటిన బిడ్డకు వస్తువులు కొనడానికి ఇంతకంటే మంచి కొలత ఇద్దరు పిల్లలను పెంచిన నాకు ఇంతవరకు దొరకలేదు. అట్టపెట్టె మీద ఆరు నెలలని రాసి ఉన్నంత మాత్రాన మీ బిడ్డ నడుం నిలిపి కూర్చోగలదని కాదు. పక్కింటి పాప ఏడో నెలలో పాకిందని మీ బాబూ అప్పుడే పాకాలని లేదు. ముందుగానే కొని దాచిన వస్తువు ఇంట్లో ఉంటే, బిడ్డ దానికి సిద్ధం కాకముందే అందులో కూర్చోబెట్టాలని చేతులు ఊరుకోవు. అందుకని బిడ్డ ఒక పని చేయడం కళ్ళారా చూసి, మరో వారం పది రోజులు గమనించి, ఆ తర్వాతే బజారుకు వెళ్ళమని నా సలహా.

బొబ్బట్లు చేసుకున్న రోజు, అంటే చాలామంది పిల్లల్లో నాలుగో నెలకూ ఆరో నెలకూ మధ్య, కొత్తగా కొనాల్సిన వాటికంటే పక్కన పెట్టాల్సినవే ఎక్కువ. చీర ఉయ్యాల అప్పటిదాకా ఎంత హాయిగా నిద్రపుచ్చినా, బోర్లా పడిన బిడ్డ అందులో తిరగబడితే గుడ్డ రెండు వైపుల నుంచీ ముఖాన్ని మూసేస్తుంది, తిరిగి వెల్లకిలా కావడానికి చేతులకు గట్టి ఆధారం దొరకదు. మరికొన్నాళ్ళకు లేచి కూర్చునే ప్రయత్నంలో అంచు మీదుగా జారిపడే ప్రమాదమూ ఉంది. చేతులు కదలకుండా గుడ్డలో చుట్టి పడుకోబెట్టే అలవాటును బోర్లా పడే సూచన కనిపించగానే మానేయాలి. గొడుగులా తెరుచుకునే చిన్న దోమతెరదీ అదే సంగతి. దొర్లుకుంటూ అంచుకు చేరిన బిడ్డ ముఖం తెరకు ఒత్తుకుపోతుంది కాబట్టి, పరుపు మొత్తాన్ని కప్పి కిందకు మడిచి దోపగలిగే పెద్ద తెర అవసరమవుతుంది. ఆవాల దిండు, పక్కల్లో పెట్టే మెత్తటి దిండ్లు, బొమ్మలు కూడా పడక మీద నుంచి తీసేయండి. ఏడాది నిండేదాకా బిడ్డను వెల్లకిలానే పడుకోబెట్టాలి; నిద్రలో తనంతట తానే దొర్లితే మాత్రం ఆందోళన అక్కరలేదు.

మంచం మీద చుట్టూ దిండ్లు పేర్చి కోట కట్టడం మన ఇళ్ళలో మామూలే. కానీ పాకే బిడ్డకు ఆ దిండ్లు మెట్లలా పనికొస్తాయి తప్ప అడ్డుగోడలు కావు. గోడకు సందు లేకుండానో, గోడకు బాగా దూరంగానో నేల మీద పరిచిన గట్టి కొబ్బరిపీచు పరుపు చాలా ఇళ్ళకు సరిపోతుంది. కటకటాల తొట్టి కొనేటట్టయితే, కడ్డీకీ కడ్డీకీ మధ్య ఎడం ఆరు సెంటీమీటర్లు మించకూడదు, పరుపుకూ చట్రానికీ మధ్య రెండు వేళ్ళకంటే ఎక్కువ పట్టకూడదు. ఈ రెండూ దుకాణంలోనే టేపుతో, చేత్తో కొలిచి చూడండి. పరుపును కిందికి దించుకునే వీలున్న తొట్టినే తీసుకోండి, ఎందుకంటే కడ్డీలు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టిన బిడ్డకు పై ఎత్తు పనికిరాదు.

పగటిపూట ఈ వయసు బిడ్డకు నేల కంటే మంచి వస్తువు లేదు. ఇంకా పాకని బిడ్డను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం అరగంట బోర్లా ఆడించాలని, తోపుడు బండిలోనో కుర్చీలోనో ఒకేసారి గంటకు మించి కట్టి ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఊగే కుర్చీ, బౌన్సర్ వంటివి కొనే ముందు ఆ గంట లెక్కను గుర్తు చేసుకుంటే, అంత డబ్బు పెట్టాలా వద్దా అన్నది తేలికగా తేలిపోతుంది. పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి నాలుగు మడతలు కాకుండా ఒకే పొరగా, ముడతలు లేకుండా పరిస్తే చాలు. నున్నటి టైల్స్ మీద ప్యాంటు వేసిన మోకాళ్ళు జారుతాయి కాబట్టి, పాకే బిడ్డను కాసేపు మోకాళ్ళు నేలకు తగిలేలా వదిలేయండి. ముక్కలుగా అతికే స్పాంజి చాపలు కొంటే అంచులను వారానికోసారి చూసుకోవాలి. పళ్ళు వచ్చే బిడ్డ మొదట కొరికేది ఆ అంచులనే.

ఆరు నెలలు నిండాక పైఆహారం మొదలవుతుంది. మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్న ఉగ్గుగిన్నె, చిన్న చెంచా, చిన్న స్టీలు గ్లాసు కలిస్తే ఒక బిడ్డకు కావలసిన పాత్రలన్నీ ఉన్నట్టే. గ్లాసులో రెండు గుక్కల నీళ్ళు మాత్రమే పోసి పట్టించండి, ఒలికినా నష్టం లేదు. మూతి సన్నగా ఉండి లోపల రబ్బరు కవాటం ఉన్న సిప్పర్ల కంటే గ్లాసును శుభ్రం చేయడం ఎంతో సులువు. సిప్పర్ కొంటే దాన్ని పూర్తిగా విడదీసి, కవాటం వెనక వేలు పెట్టి తోమగలరో లేదో చూసుకోండి. పాలసీసాల ప్రకటనలను మన దేశంలో 1992 నాటి చట్టం నిషేధించింది. పైఆహారం మొదలుపెట్టే వేళ కొత్తగా సీసా అలవాటు చేయవలసిన అవసరం కూడా లేదు.

భోజనపు కుర్చీని బిడ్డ నడుం నిలిపి కూర్చోవడం మొదలయ్యాకే కొనండి. దుకాణంలో దాన్ని ఒక చేత్తో వెనక నుంచీ, పక్క నుంచీ గట్టిగా నెట్టి చూడండి, కాళ్ళు లేస్తే అది వద్దు. భుజాల మీదుగా, నడుం చుట్టూ, రెండు తొడల మధ్యగా వచ్చే పట్టీలు ఉండాలి. వీటిలో తొడల మధ్య పట్టీయే కీలకం, బిడ్డ కిందికి జారి మెడ దగ్గర ఇరుక్కోకుండా ఆపేది అదే. పాదాలు ఆనే పలక ఉంటే బిడ్డ స్థిమితంగా కూర్చుని తింటుంది. ఇంటిల్లిపాదీ నేల మీద కూర్చుని తినే ఇల్లయితే ఎత్తు కుర్చీ కొనకపోయినా లోటు లేదు. అందరి మధ్యలో, అందరి పళ్ళేలూ కనబడేలా కూర్చున్న బిడ్డ చూసి నేర్చుకుంటుంది. అయితే చిన్న సీటును ప్లాస్టిక్ కుర్చీకి కట్టే పద్ధతి మాత్రం వద్దు. బిడ్డ వెనక్కి తన్నిందంటే ఆ కుర్చీ మొత్తం తిరగబడుతుంది.

ఇక వాకర్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా పెద్దబాబుకు ఎనిమిదో నెలలో బంధువులు ఎంతో ప్రేమగా ఒకటి తెచ్చారు. వాడు మునివేళ్ళతో నేలను తన్నుకుంటూ హాలంతా తిరుగుతుంటే అందరం మురిసిపోయాం. నాలుగో రోజు నేను వంటింట్లో పప్పు దించుతుండగా, నన్ను చూసి వేగంగా వచ్చాడు. ముందు చక్రాలు గడపకు తగిలి ఆగిపోయాయి, బండి వెనక లేచింది, వాడి నుదురు గడప ఇవతలి బండ మీద పడింది. బొప్పి కట్టి రెండు రోజుల్లో తగ్గింది కానీ, నా చేతిలో ఉన్న గిన్నె మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె జారిపోతుంది. తర్వాత చదివితే తెలిసింది, ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని. అమెరికాలో 1990 నుంచి 2014 వరకు 15 నెలల లోపు పిల్లలు 2,30,000 మందికి పైగా వాకర్ దెబ్బలతో ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చారు, వారిలో పదింట తొమ్మిది మందికి దెబ్బ తగిలింది తలకో మెడకో. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. వాకర్ నడక నేర్పదు; బరువు మోయాల్సిన కాళ్ళకు బదులు సీటు మోస్తుంది, పాదం మొత్తం ఆనాల్సిన చోట మునివేళ్ళు ఆనుతాయి. ఎవరైనా కానుకగా తెస్తామంటే ముందే మర్యాదగా, సూటిగా వద్దని చెప్పండి.

దానికి బదులు మన పాత మూడు చక్రాల చెక్క బండి ఎంతో నయం, అయితే దానికీ సమయం ఉంది. బిడ్డ గోడో మంచమో పట్టుకుని తనంతట తాను లేచి, పక్కకు అడుగులు వేస్తున్నప్పుడే దాన్ని ముందు పెట్టాలి. కొనేటప్పుడు పిడి మీద అరచేయి పెట్టి కిందికి నొక్కండి. ముందు చక్రం పైకి లేచిందంటే, తూలిన బిడ్డ బరువుకీ అలాగే లేస్తుంది. చక్రాలు కొంచెం బిగువుగా తిరగాలి, లేకపోతే బండి పరుగెత్తి బిడ్డ వెనకబడిపోతుంది. మెట్ల దగ్గర తడిక లాంటి గేటు పెట్టడం, నేల మీద నీళ్ళ బకెట్ లేకుండా చూసుకోవడం బిడ్డ పాకడం మొదలైన నాటి నుంచే తప్పనిసరి. బకెట్‌లో కొద్దిపాటి నీళ్ళున్నా తలకిందులుగా పడిన బిడ్డ తనంతట తాను లేవలేదు.

ఆటబొమ్మల్లో మొదట చూడవలసింది పరిమాణం. నోట్లో పట్టి గొంతుకు అడ్డం పడే వస్తువులను పరీక్షించే గొట్టం వ్యాసం సుమారు 32 మిల్లీమీటర్లు, మన పది రూపాయల నాణెం 27 మిల్లీమీటర్లు. కాబట్టి ఆ నాణెం కంటే కాస్త పెద్దదైనా సరే, ఇవ్వాలా అని ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే చాలా బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, సంతలో రాశి పోసి అమ్మే వాటిలో ఆ గుర్తు కోసం వెతకండి. గుండీలా ఉండే చిన్న బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది కాబట్టి, బ్యాటరీ అరకు స్క్రూ బిగించని బొమ్మ ఇంట్లోకి రాకూడదు. బిడ్డ కాలి పట్టీలకున్న మువ్వలను కూడా రోజూ స్నానం చేయించేటప్పుడు ఒక్కొక్కటే లాగి చూడండి. ఒక మువ్వ వదులైతే పట్టీలు ఆ రోజే తీసేయాలి.

చెక్కబొమ్మలంటే మనకు మక్కువ. ఏటికొప్పాక బొమ్మ కోసం అంకుడు కర్రను తరిణె (లేత్) మీద తిప్పుతూ చెక్కి, తిరుగుతుండగానే లక్క రంగు అద్దుతారు, కోణాలు లేని గుండ్రటి ఆకారం కనుక పట్టుకోవడానికి బాగుంటుంది. సహజ రంగులతో చేసినదేనా అని అడిగి, చిన్న బుడిపెలు అతికించనిది చూసి తీసుకోండి. కొండపల్లి బొమ్మ మాత్రం అల్మరాలోనే ఉండనివ్వండి. తేలికైన తెల్ల పొణికి కర్ర ముక్కలను విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. నోట్లో నానితే చెయ్యో తలో ఊడివస్తుంది. అది బొమ్మలో లోపం కాదు, కొలువు కోసం చేసిన బొమ్మ అది.

బిడ్డను మోసుకెళ్ళే సంచి ఎంచుకునేటప్పుడు మనం చంకనెత్తుకునే తీరునే గుర్తుపెట్టుకోండి. మోకాళ్ళు పిరుదుల కంటే కొంచెం పైకి, తొడల కింద గుడ్డ మోకాలి దాకా ఉండాలి. గడ్డం ఛాతీకి ఒత్తుకోకూడదు. ఏడాది నిండే సరికి బిడ్డ బరువు తొమ్మిది కిలోల దగ్గరకు వస్తుంది కనుక నడుం పట్టీ వెడల్పుగా ఉన్నదే మీ భుజాలను కాపాడుతుంది. తోపుడు బండి మన కాలిబాటలు లేని వీధుల్లో అంతగా పనికిరాదు. అపార్టుమెంటు ఆవరణో పార్కో దగ్గరుంటేనే కొనండి.

కారు ఉన్నవారు మాత్రం సీటు విషయంలో బేరం చూడకూడదు. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టుతోనో పిల్లల సీటుతోనో భద్రపరచకపోతే మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా ఉంది. బిడ్డ వెనక్కి చూసేలా సీటు బిగించాలి. ఐరోపా ఆర్129 ప్రమాణం కనీసం 15 నెలల దాకా అలాగే ఉంచమంటుంది. ముందు సీటులో ఎయిర్‌బ్యాగ్ ఉంటే అక్కడ అసలు పెట్టకూడదు. రెండు చక్రాల బండి మీద నాలుగేళ్ళ లోపు పిల్లలు ఉంటే వారిని బండి నడిపేవారికి కట్టి ఉంచే పట్టీ, తొమ్మిది నెలలు దాటిన వారికి హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం అన్న నిబంధనలు 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్నాయి. హెల్మెట్ పెట్టలేనంత చిన్న బిడ్డతో బండి ఎక్కకుండా ఆటోలోనో బస్సులోనో వెళ్ళడమే మేలు.

తొట్టి, భోజనపు కుర్చీ, చెక్క బండి బంధువుల ఇళ్ళలో వాడినవి తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. కారు సీటు, హెల్మెట్ మాత్రం అవి ఇంతకుముందు దెబ్బ తినలేదని మీకు ఖచ్చితంగా తెలిస్తేనే తీసుకోండి, లోపలి పగులు బయటికి కనిపించదు. మీ బిడ్డ వాడి వదిలేసినవి మరొకరికి ఇచ్చేటప్పుడు బోల్టులు బిగించి, పట్టీలు ఉతికి ఎండబెట్టి, విడి స్క్రూలనూ వాడకం కాగితాన్నీ ఒక సంచిలో వేసి ఆ వస్తువుకే కట్టి పంపండి.