అపార్ట్‌మెంట్‌లో ఇరుగుపొరుగుతో కలిసిపోవడం ఎలా?

పాలు పొంగించే రోజే మొదలుపెట్టండి. పక్కింటివాళ్లను, పైవాళ్లను, కిందివాళ్లను తలుపు తట్టి స్వయంగా పిలవండి. వాట్సాప్ గ్రూపులో పెట్టే సందేశం దీనికి సరిపోదు. రాలేనివాళ్లకు సాయంత్రం పరమాన్నం పంపండి.

తర్వాతి పని గిన్నెది. పులిహోర వచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగివ్వకూడదంటారు పెద్దలు. ఏమీ లేకపోతే రెండు అరటిపళ్లో, గుప్పెడు కరివేపాకో వేసినా చాలు. అంచు సొట్టపోయిన స్టీలు గిన్నె ఒకటి మా ఇంటికీ పక్కింటి పిన్నిగారింటికీ మధ్య ఏళ్లుగా తిరుగుతోంది. అడుగున చెక్కిన పేరు చూస్తే తప్ప ఎవరిదో గుర్తురాదు.

సాయం చేయడమే కాదు, అడగండి కూడా. చాలామంది ఇక్కడే మొహమాటపడతారు. ఊరెళ్లేటప్పుడు తులసికి నీళ్లు పోయమని తాళంచెవి ఇచ్చి వెళ్లండి. మీరు అడిగితేనే వాళ్లూ మిమ్మల్ని అడగగలుగుతారు.

అసలు పరీక్ష నీటి చెమ్మతో వస్తుంది. మీ బాత్రూం నుంచి కిందింటి స్లాబుకు నీరు దిగుతోందని చెబితే వాదించకండి, వెళ్లి కళ్లారా చూడండి. రెండు మూడు రోజులు ఆ బాత్రూం వాడకుండా, దానికి నీళ్లొచ్చే వాల్వు మాత్రం తెరిచి ఉంచండి. చెమ్మ అలాగే ఉంటే నీళ్లు వచ్చే పైపులో లీకై ఉండవచ్చు. తగ్గితే టైల్స్ సందులనో, మురుగు పైపునో అనుమానించాలి. ప్లంబరు వచ్చినప్పుడు కిందింటివారినీ పిలవండి. ఏం చేస్తున్నారో తెలిస్తే సగం కోపం పోతుంది.

గోడకు డ్రిల్లింగ్ ఉంటే ముందురోజే చెప్పండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నివాస ప్రాంతాల్లో 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి. పక్కింటి పాటలు ఆ వేళలోనూ మోగుతుంటే ముందు తలుపు తట్టండి. ఫిర్యాదు ఆ తర్వాత.

చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. పిల్లలు అమెరికాలో ఉండి, ఒంటరిగా బతుకుతున్న పెద్దవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ కనిపిస్తున్నారు. వాళ్లను అడిగి ఒక కాగితం రాయండి: పిల్లల ఫోను నంబర్లు, వెళ్లే ఆసుపత్రి, వాడే మందులు, పడని మందులు. పైన 108 పెద్ద అక్షరాల్లో ఉండాలి. వాళ్ల ఫ్రిజ్ తలుపుకు ఒకటి అంటించి, ఇంకొకటి మీ దగ్గర ఉంచుకోండి. తేదీ వేయండి, మందులు మారినప్పుడల్లా రెండూ తిరగరాయండి.