సెన్సస్‌లో మీ ముత్తాత దొరకట్లేదా? విక్టోరియా కాలం కూలి కుటుంబాల్ని వెతికేవాళ్లకి ఎదురయ్యే సమస్యలు, వాటి పరిష్కారాలు

మాది తెనాలి, మా వారిది ఇంగ్లండ్‌లో ఓల్డమ్. మా వైపు ఏడు తరాలు అడిగితే మా పెదనాన్న గుక్క తిప్పుకోకుండా చెప్తారు, మా వారి వైపు మాత్రం మూడో తరం దగ్గరే ఆగిపోయేది, "మిల్లులో చేసేవాళ్లంట" అని, అంతే. పిల్లలు స్కూల్ నుంచి ఫ్యామిలీ ట్రీ హోంవర్క్ తెచ్చిన రోజు మొదలుపెట్టాను, ఇప్పటికి తొమ్మిదేళ్లు. ఇంగ్లండ్‌వాళ్లని పెళ్లి చేసుకున్న తెలుగువాళ్లూ, సికింద్రాబాద్ వైపు ఆంగ్లో ఇండియన్ ఫ్రెండ్సూ నన్ను అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నా. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ రికార్డుల సంగతే.

ముందు ఒక్క విషయం తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. అక్కడ జనాభా లెక్కలు 1801 నుంచి పదేళ్లకోసారి తీశారు గానీ దేశమంతా పేర్లతో సహా రాసింది 1841 నుంచే. మన దగ్గర బడి పంతుళ్లు ఇంటింటికీ వచ్చినట్టే అక్కడా ఎన్యూమరేటర్ ముందే ఒక ఫారం ఇచ్చి వెళ్తాడు, సెన్సస్ రాత్రి ఇంట్లో ఎవరు పడుకున్నారో వాళ్ల పేర్లు రాసి ఉంచితే తర్వాత వచ్చి తీసుకెళ్తాడు, రాయడం రాని ఇళ్లలో అడిగి తనే రాసుకుంటాడు, ఆ తర్వాత అన్నీ కలిపి ఒక పుస్తకంలోకి ఎక్కిస్తాడు. 1901 దాకా మనం చూసేది ఆ పుస్తకమే, ఇంటివాళ్లు నింపిన ఫారాలు మిగల్లేదు. 1840ల్లో పెళ్లి రిజిస్టర్‌లో సంతకం పెట్టలేక ఇంటూ మార్కు పెట్టినవాళ్లు మగవాళ్లలో మూడో వంతు, ఆడవాళ్లలో దాదాపు సగం. అంటే మన మనిషి నోటితో చెప్పాడు, ఇంకెవరో చెవితో విని రాశారు, దాన్ని నూట యాభై ఏళ్ల తర్వాత మరొకరు చూసి కంప్యూటర్‌లోకి కొట్టారు. ఎక్కడైనా జారొచ్చు.

సమస్య: పేరు కొడితే ఏమీ రావట్లేదు

నూటికి తొంభైసార్లు మనిషి అందులోనే ఉంటాడు, ఇండెక్స్‌లోనే, అంటే వెబ్‌సైట్లో మనం వెతికే పేర్ల జాబితాలోనే, వేరే పేరుతో ఉంటాడు. మా ఇంటిపేరు ఇక్కడ చెప్పను గానీ హెచ్‌తో మొదలవుతుంది, ఆ ప్రాంతం వాళ్లు మాటల్లో ఆ హెచ్‌ని మింగేస్తారు, ఎన్యూమరేటర్ విన్నది విన్నట్టు రాశాడు, హెచ్ లేకుండా. నేను రెండేళ్లు హెచ్‌తోనే వెతికాను! దానికితోడు పాత చేతిరాతలో రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది ఎఫ్‌లా పొడుగ్గా ఉంటుంది, ఎల్‌కీ ఎస్‌కీ, టీకీ ఎఫ్‌కీ తేడా తెలీదు. పేర్లు కుదించి రాయడం ఇంకో గొడవ, జాన్‌ని జే ఎన్ ఓ అని, జేమ్స్‌ని జే ఏ ఎస్ అని రాస్తారు. ముద్దుపేర్లు సరేసరి, మేరీ ఇంట్లో పాలీ అవుతుంది, ఆన్ నాన్సీ అవుతుంది, మార్గరెట్ పెగ్గీ అవుతుంది, శారా శాలీ అవుతుంది.

పరిష్కారం ఏంటంటే ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయండి. మొదటి పేరు, పుట్టిన ఊరు, పుట్టిన సంవత్సరం అటూ ఇటూ మూడేళ్లు, ఇంతే ఇచ్చి వెతకండి. ఇంకా మంచి పద్ధతి, ఆ ఇంట్లో అరుదైన పేరున్న తోబుట్టువుని పట్టుకోండి. మాకు 1861 అలాగే దొరికింది, జాన్, విలియం, మేరీ అని ఎన్నిసార్లు కొట్టినా రాలేదు, కెజియా అనే చెల్లెలి పేరుతో కొడితే మొత్తం ఇల్లు బయటపడింది. ఆ రోజు రాత్రి పన్నెండున్నరకి మా వారిని లేపి మరీ చూపించాను. అప్పట్నుంచీ నేను మనిషిని వెతకను, ఇంటిని వెతుకుతా.

ఇండెక్స్ చూసి ఆగిపోవద్దు, అసలు పేజీ ఇమేజ్ తెరవండి. లండన్‌లో గుమాస్తాలు లెక్కలు కూడేటప్పుడు వయసుల మీద అడ్డగీతలు కొట్టేవాళ్లు, ఆ గీత పడి 3 కాస్తా 8లా కనిపిస్తుంది, ఇండెక్స్‌లో తప్పు వయసు ఎక్కడానికి అదొక పెద్ద కారణం. మా 1861 పేజీలో పదేళ్ల పిల్లాడి పక్కన "కాటన్ పీసర్" అని ఉంది, అంటే నూలు తీసే మెషీన్ దగ్గర తెగిన దారాలు అతికించేవాడు. 1844 చట్టం ప్రకారం 8 నిండితే సగం రోజు మిల్లు, సగం రోజు బడి. మా చిన్నోడికి అప్పుడు సరిగ్గా పదేళ్లు. ఆ గడిని ఇప్పటికీ మామూలుగా చదవలేను.

సమస్య: 1841లో వయసు ఎక్కడా కుదరట్లేదు

ఇది మీ తప్పు కాదు, 1841లో 15 దాటినవాళ్ల వయసుని కింది ఐదుకి దించి రాయమన్నారు. 24 ఏళ్లవాడు 20 అవుతాడు, 39 ఉన్నామె 35 అవుతుంది, కొందరు ఎన్యూమరేటర్లు ఇది పట్టించుకోకుండా అసలు వయసే రాశారు కూడా. బంధుత్వం గడి అసలు లేదు, కాబట్టి ఒకే ఇంట్లో ఉన్న ఇద్దర్ని మొగుడూ పెళ్ళాలని అనుకోవద్దు, అన్నాచెల్లెళ్లు కూడా అవ్వచ్చు. పుట్టిన చోటు దగ్గర ఇదే కౌంటీనా (మన జిల్లా లాంటిది) అని అడిగి అవునంటే వై, కాదంటే ఎన్, స్కాట్లండ్, ఐర్లండ్, విదేశాలైతే ఎస్, ఐ, ఎఫ్, అంతే. పైగా పెన్సిల్‌తో రాసింది, కొన్ని పేజీలు పొగమంచులా ఉంటాయి. 1841ని ఒక్కదాన్నే నమ్మి ముందుకి పోకండి, 1851 దొరికాక వెనక్కి వచ్చి సరిచూసుకోండి. పేర్ల పక్కన ఒక ఏటవాలు గీత ఉంటే అదే ఇంట్లో ఇంకో కుటుంబం మొదలైందని, రెండు గీతలుంటే ఇల్లే మారిందని అర్థం, ఇది గమనించక పక్కింటి పిల్లల్ని మన పిల్లలుగా చేర్చేసుకున్నవాళ్లు చాలామంది.

సమస్య: పుట్టిన ఊరు ప్రతి సెన్సస్‌లోనూ మారిపోతోంది

మనమూ అంతేగా, ఊళ్లో అడిగితే కొల్లూరు అంటాం, హైదరాబాద్‌లో అడిగితే తెనాలి అంటాం, అమెరికాలో అడిగితే విజయవాడ అనేస్తాం. వాళ్లూ పుట్టిన చోటికి దగ్గరున్న పెద్ద ఊరు పేరు చెప్పారు. సరిహద్దు ఊళ్లయితే మరీను, టాడ్మొర్డెన్ అనే ఊళ్లో లాంకషైర్‌కీ యార్క్‌షైర్‌కీ మధ్య గీత టౌన్‌హాల్ కిందగా పోయేది, అక్కడ పుట్టినవాడు ఒకసారి లాంకషైర్ అంటాడు, పదేళ్లకి యార్క్‌షైర్ అంటాడు, రెండూ నిజమే. మ్యాప్ పెట్టుకుని కూర్చోండి. అన్ని సెన్సస్‌లలో చెప్పిన ఊళ్లు ఒక ఐదారు మైళ్లలోపు ఉంటే మీ మనిషే, నూరు మైళ్ల తేడా ఉంటే మాత్రం అనుమానించండి.

పిల్లలు పుట్టిన ఊళ్లు వరసగా చదవడం నాకు చాలా ఇష్టమైన పని. పెద్దవాడు గనులుండే కార్న్‌వాల్‌లో, రెండోది లాంకషైర్‌లో, మూడోవాడు మిడిల్స్‌బరోలో పుట్టారంటే గని మూతపడి పని వెతుక్కుంటూ ఆ కుటుంబం నడిచిన దారి మొత్తం ఆ గడిలోనే ఉంది. 1831లో నూట యాభై చిల్లర జనం ఉన్న మిడిల్స్‌బరో ఇనుము పరిశ్రమ వచ్చాక 1901కి తొంభై వేలు దాటింది, వాళ్లంతా ఇలా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లే.

సమస్య: బంధుత్వం చదివితే అర్థంపర్థం లేదు

మన భాషలో పుట్టినవాళ్లకి ఇక్కడే ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే మనకి మరదలు వేరు, వదిన వేరు, ఆడపడుచు వేరు, తోడికోడలు వేరు, వాళ్లకి నలుగురూ "సిస్టర్ ఇన్ లా"నే. పైగా సెన్సస్‌లో బంధుత్వం ఎప్పుడూ ఇంటి పెద్దకి ఏమవుతారనే రాస్తారు, భార్యకి ఏమవుతారని కాదు. ఇంటి పెద్ద మగవాడై, పెళ్లికాని సిస్టర్ ఇన్ లా ఆ ఇంట్లో ఉంటే ఎగిరి గంతేయండి, చాలావరకు ఆమె ఇంటిపేరే ఆయన భార్య పుట్టింటిపేరు.

ఇంకో మెలిక, పన్నెండేళ్ల కుర్రాడి పక్కన "సన్ ఇన్ లా" అని ఉంటుంది. అల్లుడు కాదు, సవతి కొడుకు, అప్పట్లో ఆ మాటని అలా కూడా వాడేవాళ్లు. "మదర్ ఇన్ లా" అంటే కొన్నిచోట్ల సవతి తల్లి. భార్య పోయిన కూలివాడు పసిపిల్లలతో ఒక్కడే నెగ్గలేడు, ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి, వచ్చినామె వెంట ఆమె మొదటి పెళ్లి పిల్లలు, ఎన్యూమరేటర్ అందరికీ కొత్తాయన ఇంటిపేరే తగిలించేస్తాడు. మీ ముత్తాత పదేళ్లప్పుడు దొరక్కపోతే తల్లి మారు పెళ్లి ఏమైనా చేసుకుందా అని చూడండి, సవతి తండ్రి ఇంటిపేరుతో వెతకండి.

అక్క పోతే చెల్లెల్ని ఇచ్చి చేయడం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే కదా, పిల్లలకి పిన్నే తల్లవుతుందని. అక్కడ అది చట్టానికి విరుద్ధం, 1835 చట్టంతో అలాంటి పెళ్లి చెల్లకుండా పోయింది, మళ్లీ 1907లోగానీ ఒప్పుకోలేదు. అయినా చేసుకున్నారు, ఎవరూ ఎరగని పక్క టౌన్‌కి వెళ్లి చేసుకున్నారు, లేదా పెళ్లి లేకుండానే కలిసి ఉండి సెన్సస్‌లో "వైఫ్" అని చెప్పారు. 1871లో సిస్టర్ ఇన్ లాగా ఉన్నామె 1881లో అదే పేరుతో వైఫ్ అయితే రాసినవాడి పొరపాటు అనుకోకండి, పెళ్లి రికార్డుని చుట్టుపక్కల జిల్లాల్లో వెతకండి.

సమస్య: 49 ఏళ్లామెకి మూడు నెలల బిడ్డ

అదే ఇంట్లో పెళ్లికాని 18 ఏళ్ల కూతురు ఉందేమో చూడండి. కూతురి బిడ్డని తన బిడ్డగా చెప్పుకుని కాపాడుకున్న అమ్మమ్మలు చాలామంది, తప్పుపట్టాలని నాకెప్పుడూ అనిపించలేదు. తేల్చుకోవడానికి జీఆర్‌ఓ అంటే జనరల్ రిజిస్టర్ ఆఫీస్ వాళ్ల సొంత ఆన్‌లైన్ జనన ఇండెక్స్ చూడాలి, అకౌంట్ తెరిస్తే వెతకడం ఫ్రీ. రిజిస్ట్రేషన్ 1837 జూలై 1న మొదలైంది, ఆ ఇండెక్స్‌లో మొదటినుంచీ తల్లి పుట్టింటిపేరు ఉంటుంది. ఆ గడి ఖాళీగా ఉంటే సాధారణంగా పెళ్లికాని తల్లి అని. పుట్టాక 42 రోజుల్లోపు నమోదు చేయించే వీలుండేది కాబట్టి డిసెంబర్ బిడ్డ తర్వాతి ఏడాది మార్చి క్వార్టర్‌లో, అంటే జనవరి నుంచి మార్చి దాకా ఉన్న భాగంలో ఉండొచ్చు, అక్కడా చూడండి.

సమస్య: ఒక సెన్సస్‌లో మొత్తానికే మాయం

కొన్ని పేజీలు నిజంగానే లేవు. 1861లో లండన్ బెల్‌గ్రేవియా భాగం పోయింది, 1851లో మాంచెస్టర్ చుట్టుపక్కల పుస్తకాలు నీళ్లలో నాని పాడైతే వాలంటీర్లు ఏళ్లతరబడి కూర్చుని చాలా పేర్లు బయటికి తీశారు, మామూలు సెర్చ్‌లో రాకపోతే ఆ లిస్టు విడిగా చూడాలి. 1931ది 1942లో నిప్పంటుకుని మొత్తం కాలిపోయింది, 1941లో యుద్ధం వల్ల తియ్యనేలేదు, వాటికోసం టైం వేస్ట్ చేసుకోవద్దు, బదులుగా యుద్ధం మొదట్లో జనం పేర్లు రాసుకున్న 1939 సెప్టెంబర్ రిజిస్టర్ చూడండి.

పేజీ ఉండి మనిషి లేకపోతే ఆ రాత్రి ఇంట్లో లేడన్నమాట. ఓడలో, జైల్లో, ఆస్పత్రిలో, పనిమనిషిగా వేరే ఇంట్లో, లేదా వర్క్‌హౌస్‌లో, అంటే గతిలేనివాళ్లని పెట్టి పనిచేయించే చోట ఉండొచ్చు. పిచ్చాసుపత్రుల్లో, కొన్ని వర్క్‌హౌసుల్లో పేరు బదులు పొడి అక్షరాలే రాశారు, కాబట్టి పేరుతో కాకుండా ఆ సంస్థ పేజీలు తెరిచి వయసు, వృత్తి, ఊరు చూసుకుంటూ పోవాలి. దానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, ముప్పావుగంట పని.

సిపాయి అయితే దేశంలోనే లేకపోవచ్చు. బయటి దేశాల్లో ఉన్న సైన్యాన్ని 1911కి ముందు ఈ సెన్సస్‌లలో పేర్లతో రాయలేదు. ఎంతోమంది మిల్లు పిల్లలు, గని పిల్లలు తిండి కోసం సైన్యంలో చేరి మన సికింద్రాబాద్ తిరుమలగిరి కంటోన్మెంట్ దాకా వచ్చారు, అక్కడే పెళ్లిళ్లు, పిల్లల బాప్తిస్మాలు, సమాధులు కూడా. అవన్నీ లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఉన్నాయి, మద్రాసు, బొంబాయి, బెంగాల్ అని విడివిడిగా పెట్టారు. ఇంగ్లండ్ సెన్సస్‌లో పిల్లల పుట్టిన ఊరు గడిలో "ఈస్ట్ ఇండీస్" అని కనిపిస్తే నేరుగా అక్కడికి పోండి.

డబ్బుల సంగతి ఒక మాట, అన్నీ కొనక్కర్లేదు. జనన, పెళ్లి, మరణాల ఇండెక్స్ ఉన్న ఫ్రీబీఎండీ సైట్ ఉచితం, ఫ్యామిలీసెర్చ్ సైట్లో 1881 ఇండెక్స్ ఉచితం, ఇంగ్లండ్‌లో చాలా పబ్లిక్ లైబ్రరీల్లో పెయిడ్ సైట్లు కూడా కూర్చుని ఫ్రీగా చూసుకోవచ్చు.

సమస్య: 1911లో పిల్లల లెక్క తేలట్లేదు

1911లో మొదటిసారి ఇంటివాళ్లు స్వయంగా నింపిన కాగితాలే దాచారు, కాబట్టి మీరు చూసేది మీ వాళ్ల చేతిరాత కావచ్చు. అందులో పెళ్లై ఎన్నేళ్లు, ప్రాణంతో పుట్టిన పిల్లలెందరు, బతికున్నదెందరు, పోయినదెందరు అని అడిగారు. భార్య పోయినవాళ్లు నింపక్కర్లేదు, అయినా చాలామంది నింపేశారు, గుమాస్తా కొట్టేసినా కింద అంకెలు కనిపిస్తాయి, జూమ్ చేయండి. లెక్క తప్పడానికి ముఖ్య కారణం రెండు సెన్సస్‌ల మధ్య పుట్టి ఆ మధ్యే పోయిన బిడ్డలు, వాళ్లు ఏ సెన్సస్‌లోనూ ఉండరు. తల్లి పుట్టింటిపేరుతో జీఆర్‌ఓలో ఆ జిల్లా జననాలన్నీ తీసి, అదే పేరుతో అదే ఇంటిపేరుతో మరణాలు చూడాలి.

మా వారి తాతగారి తాత తన చేత్తో 11, 6, 5 అని రాశాడు. పోయిన ఐదుగురిలో నలుగురు త్వరగానే దొరికారు, ఐదో బిడ్డ కోసం ఏడాది పట్టింది, ఎందుకంటే ఆ పిల్లాడి జననాన్ని చూసిన ప్రతిసారీ అది మా వారి ముత్తాతదే అనుకుని దాటేశాను. అదే పేరు, అదే ఇంటిపేరు, అదే తల్లి. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టుకున్నారు. ఇప్పుడు మా ట్రీలో ఆ పేరు రెండుసార్లు ఉంటుంది, ఒకటి 1887, పక్కన వయసు 0, రెండోది 1890.