ఉభాలకు ముందే చెవి చీము పరీక్ష చేయించుకోండి

జూన్‌లో వానలు మొదలైతే శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో గెడ్డలు, చెరువులు నిండుతాయి. ఉభాలకు, అంటే వరినాట్లకు, దిగినవాళ్లు రోజంతా తడుస్తూనే ఉంటారు. పిల్లలైతే చెరువులోంచి బయటికే రారు. కర్ణభేరికి చిల్లు పడి, ఏడాదిలో రెండు మూడుసార్లు చీము కారే చెవికి ఇది గడ్డుకాలం. అలాంటి చెవి ఇప్పుడు కారుతుంటే, ఏ మందూ మొదలుపెట్టకముందే చీమును కల్చర్ పరీక్షకు ఇవ్వండి. చీములో ఏ సూక్ష్మజీవి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో ఇది చెబుతుంది.

చాలామంది ముందు మెడికల్ షాపుకెళ్లి అమాక్సిసిలిన్ బిళ్లలు కొని వేసుకుంటారు. రెండు రోజులకు కాస్త తగ్గినట్టనిపించి మానేస్తారు. దీర్ఘకాలంగా కారే చెవిలో ఎక్కువగా కనిపించేవి సూడోమోనాస్, స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియాలు. సూడోమోనాస్ నీళ్లలో, తడినేలలో బతికే జీవి. అమాక్సిసిలిన్ దాని మీద అసలు పనిచేయదు, క్లావులానిక్ యాసిడ్ కలిపిన బిళ్ల అయినా అంతే.

ల్యాబ్‌లో దూదిపుల్ల మీది చీమును ప్లేటు మీద రాసి ఒక రాత్రి వెచ్చగా ఉంచుతాం. సూడోమోనాస్ ఉంటే చాలాసార్లు ప్లేటు ఆకుపచ్చగా మారుతుంది, మూత తీయగానే ద్రాక్షపళ్ల వాసన వస్తుంది. తర్వాత ఆ జీవిని ఇంకో ప్లేటు నిండా పరిచి, మందు అద్దిన చిన్న కాగితపు బిళ్లలు పెడతాం. పనిచేసే మందు చుట్టూ ఏమీ పెరగక ఖాళీ వలయం మిగులుతుంది. దాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, పనిచేస్తే ఎస్ అని, లొంగకపోతే ఆర్ అని రాస్తాం. మొత్తం రెండు మూడు రోజుల పని. అప్పటికే యాంటీబయాటిక్ వాడుతుంటే జీవులు పెరగకపోవచ్చు, అందుకే ఏం వాడారో దాచకుండా చెప్పండి.

రిపోర్టు చూసి మీరే మందు కొనుక్కోవద్దు. చెవిలో వేసే చుక్కల్లో మందు గాఢత రక్తంలో చేరే దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌కు ఆర్ వచ్చినా, ఆ చుక్కలతోనే తగ్గే చెవులున్నాయి. జెంటామైసిన్ చుక్కల సంగతి వేరు. చిల్లు ఉన్న చెవిలో వేస్తే లోపలి చెవి దెబ్బతిని వినికిడి పోయే ప్రమాదముంది. ఇవన్నీ తూచి చెప్పాల్సింది చెవి డాక్టరే.

చుక్కలు వేసే ముందు శుభ్రమైన దూదిని వత్తిలా చుట్టి, బయటికి వచ్చిన చీమును మాత్రమే అద్దితీయాలి. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకోండి, చల్లటి చుక్కలు పడితే తల తిరుగుతుంది. చెవి పైకి ఉండేలా పడుకుని, చుక్కలు వేశాక చెవి ముందున్న చిన్న మిట్టను నాలుగైదు సార్లు నొక్కి, ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. చెప్పిన రోజులకు మించి వాడకండి, బూజు పట్టి దురద మొదలవ్వొచ్చు.

వెల్లుల్లి నూనె, ఆకు పసరు, పిన్నీసు, కోడి ఈక దగ్గరికి రానీయకండి. తలస్నానానికి ముందు వాజిలిన్ రాసిన దూది పెట్టుకోండి. చెరువులో మునగడం మాత్రం వద్దేవద్దు.

చెవి వెనక వాపు, మూతి వంకర పోవడం, తూలిపోవడం, జ్వరంతో విపరీతమైన తలనొప్పి, వీటిలో ఏది కనిపించినా ఉభాలు ఆపి అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి. ఆగకుండా కంపు కొట్టే చీముంటే ఎముకను తినేసే కొలెస్టియటోమా అనే చర్మపు గడ్డ ఉందేమో చూపించుకోండి, దానికి ఆపరేషనే దారి. మామూలు చిల్లయితే, చెవి కొన్ని వారాలు పొడిగా నిలిచాక పొర అతికించి మూసే ఆపరేషన్ గురించి అడగండి.