ఒకే పలకతో రంగుల లినోకట్: ఉత్సవ దృశ్యాన్ని పరిమిత ప్రతులలో అచ్చువేసే విధానం

1959లో పికాసో, దక్షిణ ఫ్రాన్సులోని వల్లోరిస్ పట్టణంలో ముద్రకుడు హిదాల్గో ఆర్నెరా సాయంతో చేసిన ‘బాకనాల్’ (ద్రాక్షసారా దేవుడి పేరిట జరిగే ఆటపాటల ఉత్సవం) లినోకట్‌లలో వేణువు ఊదేవారు, తాళాలు వాయిస్తూ చిందులేసేవారు, మేకపిల్ల కనిపిస్తారు. ఒకే లినోలియం (నేలపై పరిచే, చెక్కడానికి వీలైన మెత్తని పదార్థం) పలకను దశలవారీగా చెక్కుతూ, దశకొక రంగు చొప్పున ఒకదానిపై ఒకటి అచ్చువేసే పద్ధతిని ఆయన ఆ రోజుల్లో విస్తృతంగా వాడారు. ఆ ముద్రలు సాధారణంగా 50 సంతకపు ప్రతులుగా వెలువడ్డాయి.

ఈ పద్ధతిలో రెండో రంగు కోసం పలకను చెక్కిన తరువాత మొదటి రంగును మళ్లీ వేయడం అసాధ్యం కనుక, ఎన్ని ప్రతులు కావాలో ముందే తేల్చుకోవాలి. 20 కావాలనుకుంటే మొదటి రంగును 26 కాగితాలపై వేయండి. దారిలో కొన్ని తప్పక పాడవుతాయి.

బొమ్మను పలకపై అద్దంలో కనిపించినట్టు కుడిఎడమలు తిరగేసి గీయాలి. గుంపును గీతలతో కాక నిండు ఆకారాలతో ఊహించుకోండి: ఎత్తిన చేతికీ పక్కవాడి తలకీ మధ్య మిగిలే ఖాళీయే నాట్యానికి ఊపునిస్తుంది. ఆ ఖాళీలు పూడిపోతే ఎంత చక్కటి ముఖాలు చెక్కినా అది కదలని గుంపే.

తెల్లగా ఉండవలసిన చోట్లను ముందు చెక్కి, అన్నిటికన్నా లేత రంగు వేయాలి. పలక గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెట్టండి. పలకను పట్టుకున్న చేయి ఎప్పుడూ ఉలి మొనకు వెనకే ఉండాలి. గాజుపలకపై రోలర్ తిప్పుతున్నప్పుడు సిరా సన్నగా, ఒకే తీరున చిటచిటలాడాలి. చప్పుడు జిగటగా, బరువుగా వినిపిస్తే సిరా ఎక్కువైనట్టే, సన్నని గాట్లు పూడుకుపోతాయి. ప్రెస్సు లేకపోతే కాగితం వెనుక చెక్క గరిటె వీపుతో గట్టిగా రుద్దవచ్చు.

కాగితం ప్రతిసారీ అదే చోట కూర్చోవడానికి అట్టముక్కలతో ఒక మూల కట్టుకోండి. నూనె సిరా పూర్తిగా ఆరాకే మళ్లీ చెక్కి, ముదురు రంగు వేయండి, చివరిది నలుపు.

ఆరిన ప్రతులలో రంగులు సరిగ్గా కూర్చున్నవాటినే ఎంచి, బొమ్మ కింద ఎడమవైపు పెన్సిలుతో 1/20, 2/20 అని వరుసగా వేసి, కుడివైపు సంతకం చేయాలి. చిత్రకారుడు తనకోసం ఉంచుకునే ప్రతులను ఆ లెక్కలో కలపకుండా విడిగా గుర్తించాలి.