జీపీఎస్ దారి తప్పిస్తోందా? కొత్తది కొనే ముందు ఇవి చూడండి

మా బావమరిది కారులో ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకుని ఏడాది కూడా కాలేదు. బెంగళూరు మారతహళ్ళి బ్రిడ్జి దగ్గరికి వచ్చేసరికి మ్యాపులో బాణం గుర్తు రోడ్డు వదిలేసి పక్కనున్న అపార్ట్‌మెంట్ల మీద తిరిగేది. "బావా, ఇది పనికిరాదు, ఇంకోటి చూద్దాం పద" అని ఒక శనివారం నన్ను జేసీ రోడ్డుకి బయల్దేరదీశాడు. కార్ల సామాన్ల షాపు ముందు బండి ఆపితే, అక్కడ పనిచేసే మదనపల్లె కుర్రాడు స్టీరియో చుట్టూ ఉన్న ప్లాస్టిక్ ఫ్రేమ్ ఊడదీసి లోపలికి చేయి పెట్టాడు. అగ్గిపెట్టె సైజు నల్ల డబ్బా ఒకటి వైరుతో సహా బయటికొచ్చింది. "ఇదే యాంటెన్నా అన్నా. ఇనుప పట్టీ కింద బోర్లా పెట్టేసినారు" అన్నాడు. అంతకుముందు బిగించిన షాపువాడి నిర్వాకం అది. దాన్ని తీసి డాష్‌బోర్డు పైన, అద్దం మూలకి అతికించాడు. మేం కొత్త యూనిట్ కొనకుండానే ఇంటికొచ్చాం.

అప్పటి నుంచి ఎవరైనా "ఏ జీపీఎస్ కొనమంటావ్?" అని అడిగితే, "ఇప్పుడున్నదానికి ఏమైంది?" అని ముందు నేనే అడుగుతున్నాను. సగం మందికి కొత్తది కొనే పనే ఉండదు. మిగతా సగానికి ఏది కొనాలో ఆ జబ్బే చెప్తుంది.

ముందు ఒక చిన్న పరీక్ష

శాటిలైట్లను చూపించే ఉచిత యాప్‌లు ప్లే స్టోర్‌లో చాలా ఉన్నాయి. ఒకటి స్టీరియోలో వేసుకోండి, అదే ఫోన్‌లోనూ వేసుకోండి. చెట్లు, భవనాలు అడ్డం లేని చోట బండి ఆపి తెరిస్తే ఒక్కో శాటిలైట్‌కి ఒక్కో గీత, దాని పక్కన ఒక అంకె కనిపిస్తాయి. 35 నుంచి 45 మధ్య అంకెలు ఓ అరడజను ఉంటే సిగ్నల్‌కి ఢోకా లేదు. అన్నీ 25 లోపే కొట్టుకుంటుంటే మ్యాపుని తిట్టి లాభం లేదు, శాటిలైట్ మాటే దానికి సరిగా వినపడట్లేదు. మనం ఎక్కడున్నామో, ఎంత ఎత్తులో ఉన్నామో తేల్చడానికి కనీసం 4 శాటిలైట్లు కావాలి. అవి 20,000 కి.మీ. పైనుంచి పంపే సిగ్నల్ మన దాకా వచ్చేసరికి చాలా బలహీనపడుతుంది. సన్నటి రేకు అడ్డమొచ్చినా చాలు, పోతుంది.

మా వాడి కారులో యాంటెన్నా మార్చక ముందు 18, 20 చూపించిన గీతలు మార్చాక 38 దాటాయి.

బాణం రోడ్డు మీద నిలవడం లేదు

పైన చెప్పిన యాంటెన్నా తప్పే ఎక్కువసార్లు దీనికి కారణం. దాన్ని చూడటం సులువే. యాంటెన్నాకి అయస్కాంతం ఉన్న వైపు కిందికి, నున్నటి వైపు ఆకాశం వైపుకి ఉండాలి. పైన ప్లాస్టిక్ ఉంటే పర్వాలేదు, ఇనుము ఉండకూడదు. స్టీరియో వెనక దాని మర వదులైందేమో కూడా చేత్తో బిగించి చూడండి. గుంతల రోడ్లకి అది ఊడుతుంది. మన ఊళ్ళో గుంతల సంగతి చెప్పాలా?

యాంటెన్నా సరిగ్గానే ఉంటే అద్దాన్ని అనుమానించండి. కొన్ని కార్లకి ఎండ వేడిని ఆపే ముందు అద్దం వస్తుంది. అందులో కంటికి కనిపించని లోహపు పూత ఉంటుంది, అది సిగ్నల్‌ని తినేస్తుంది. దీనికో ఆనవాలుంది. టోల్‌గేట్ దగ్గర మీ ఫాస్టాగ్ కూడా ఒక పట్టాన చదవక, అక్కడి కుర్రాడు చేతి మెషిన్ పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడంటే అద్దంలో లోహం ఉండొచ్చు. అలాంటి అద్దాల్లో లోపలి మిర్రర్ దగ్గర కొంత జాగా పూత లేకుండా వదులుతారు. యాంటెన్నా, ఫాస్టాగ్ రెండూ అక్కడికి మార్చండి. తర్వాత వేయించుకున్న మెటాలిక్ ఫిల్మ్‌ది కూడా ఇదే కథ.

మూడోది చార్జర్. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చవక చార్జర్లు, చవక డాష్‌క్యామ్‌లు రేడియో రొద పుట్టిస్తాయి. యాప్ తెరిచి పెట్టుకుని డాష్‌క్యామ్ వైరు పీకండి. అంకెలు ఒక్కసారిగా పెరిగాయా? దొంగ దొరికాడు. ఆ క్యామ్‌ని యాంటెన్నా నుంచి ఒక అడుగైనా దూరం జరపండి, లేదా చార్జర్ మార్చండి.

ఫోన్‌లో బాగానే ఉంది, కేబుల్ పెట్టగానే పిచ్చెక్కుతోంది

ఫోన్ మ్యాపుని కారు తెర మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో వాడేవాళ్ళు ఇక్కడే మోసపోతారు. మ్యాపు ఫోన్‌దే కాబట్టి లొకేషన్ కూడా ఫోన్‌దే అనుకుంటారు. కారుకి సొంత జీపీఎస్ ఉంటే, కేబుల్ తగిలించగానే ఫోన్ చాలాసార్లు కారు చెప్పిన లొకేషన్నే తీసుకుంటుంది. కారు యాంటెన్నా పాడైతే పదిహేను వేల ఫోన్ అయినా, లక్ష రూపాయల ఫోన్ అయినా ఒకే తప్పు చెప్తుంది. కేబుల్ పీకి ఫోన్‌ని డాష్‌బోర్డు మీద పెట్టి అదే రోడ్డులో ఒక రౌండు వేసి చూడండి. ఫోన్ ఒక్కటే ఉన్నప్పుడు బాగుంటే, బాగు చేయించాల్సింది స్టీరియో యాంటెన్నా.

పొద్దున్నే స్టార్ట్ చేస్తే చాలాసేపు వెతుకుతూనే ఉంటుంది

ప్రతి శాటిలైట్ తన దారి వివరాలను 30 సెకన్లకోసారి పంపుతుంది. అవి సుమారు 4 గంటల వరకే పనికొస్తాయి. రాత్రంతా బండి ఆగి ఉంటే పొద్దున మళ్ళీ కొత్తగా వినాల్సిందే. అన్ని శాటిలైట్ల స్థూల పట్టిక మొత్తం దిగడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోన్‌కి ఈ తిప్పలు ఉండవు, ఇంటర్నెట్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. సిమ్ లేని స్టీరియోకి ఆ వసతి లేదు.

దీనికి తోడు మన బేస్‌మెంట్ పార్కింగులు. కింద స్టార్ట్ చేసి, ర్యాంప్ ఎక్కి, నేరుగా ట్రాఫిక్‌లో దూరిపోతాం. కదులుతూ, బస్సుల నీడలో, అది మొదటిసారి శాటిలైట్లని పట్టుకోవాలంటే ఆలస్యం తప్పదు. గేటు బయట ఒక నిమిషం నిలబడండి. సీటు బెల్టు, అద్దాలు సర్దుకునే లోపు దాని పని అయిపోతుంది.

రోజూ ఇలాగే జరుగుతూ, గడియారం, సేవ్ చేసిన రేడియో స్టేషన్లు కూడా పోతుంటే మాత్రం వైరింగ్ తప్పు. పసుపు వైరుకి బ్యాటరీ కరెంటు ఎప్పుడూ అందాలి, ఎరుపు వైరుకి తాళం తిప్పినప్పుడే రావాలి. తొందరలో ఈ రెండూ తారుమారు చేసినా, రెండింటినీ తాళం తిప్పితేనే వచ్చే కరెంటుకి కలిపేసినా, తాళం తీయగానే యూనిట్ అన్నీ మర్చిపోతుంది. ఎలక్ట్రీషియన్‌కి పది నిమిషాల పని.

ఫ్లైఓవర్ మీదున్నానో కిందున్నానో దానికి తెలియదు

బెంగళూరులో ఇంతకంటే పెద్ద బాధ లేదు. దీనికి పూర్తి మందు కూడా లేదు.

శాటిలైట్లన్నీ మన తల పైనే ఉంటాయి, కాళ్ళ కింద ఒక్కటీ ఉండదు. అందుకే అడ్డంగా చూపించే స్థానం కన్నా ఎత్తు లెక్క ఎప్పుడూ ఎక్కువ తప్పుతుంది. ఆకాశం బాగా కనిపించే చోటే ఫోన్ 5 మీటర్ల దాకా అటూ ఇటూ అవుతుంది. ఎత్తులో ఇంకా ఎక్కువే. ఫ్లైఓవర్ ఎత్తూ కాస్త అటూఇటూగా అంతే. పైన ఉన్నామా కింద ఉన్నామా అని యూనిట్ కనుక్కోవడం లేదు, ఊహిస్తోంది.

హోసూరు రోడ్డు చూడండి. ఎలక్ట్రానిక్ సిటీకి పోయే ఎలివేటెడ్ రోడ్డు 2010లో తెరిచారు, దాదాపు 9 కి.మీ. పొడవు. టోల్ కట్టి పైకెక్కితే మధ్యలో అనుకున్న చోట దిగడానికి కుదరదు. మీరు బొమ్మనహళ్ళిలో కింద రోడ్డు మీద బస్సు వెనక ఇరుక్కుని ఉంటారు. అది మాత్రం మీరు పైన దూసుకుపోతున్నారనుకుని "8 కిలోమీటర్లు నేరుగా వెళ్ళండి" అంటుంది. సిల్క్ బోర్డు దగ్గర ఇంకా ఘోరం. రాగిగుడ్డ నుంచి సిల్క్ బోర్డు దాకా 2024 జూలైలో తెరవడం మొదలైన డబుల్ డెక్కర్‌లో పైన మెట్రో, మధ్యలో కార్లు, కింద పాత రోడ్డు. మధ్య అంతస్తులో ఉన్నా నెత్తిన కాంక్రీటే కాబట్టి ఆకాశం పక్కల నుంచే కనిపిస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డులో అయితే మెట్రో పిల్లర్లు ఒకవైపు, ఆఫీసుల అద్దాల గోడలు ఇంకోవైపు. గోడకి కొట్టుకుని వచ్చిన సిగ్నల్ కాస్త ఎక్కువ దూరం తిరిగి వస్తుంది కాబట్టి, యూనిట్ మనల్ని పక్క సర్వీస్ రోడ్డులోకి తోసేస్తుంది.

చేయగలిగినవి మూడున్నాయి. మొదటిది, బయల్దేరే ముందే పైనా కిందా తేల్చుకుని యూనిట్‌కి చెప్పడం. సందేహం వచ్చినప్పుడు అది మనకి వేసిన దారినే నమ్ముతుంది. కింద నుంచి పోదామనుకుంటే టోల్ రోడ్లు వద్దు అనే సెట్టింగ్ పెట్టండి, ఆ గందరగోళం చాలావరకు తగ్గుతుంది. రెండోది మ్యాపు అప్‌డేట్. మెమరీ కార్డులో పాత మ్యాపు ఉన్న యూనిట్‌కి ఆ డబుల్ డెక్కర్ ఉందనే తెలియదు, ఇక పాపం దాన్ని అని ఏం లాభం? మూడోది కొనేవాళ్ళకి. శాటిలైట్లు మామూలుగా పంపే ఎల్‌1 ఫ్రీక్వెన్సీతో పాటు ఎల్‌5 అనే రెండో ఫ్రీక్వెన్సీ కూడా పట్టే ఫోన్లు, యూనిట్లు అద్దాల గోడల మధ్య మెరుగ్గా పనిచేస్తాయి. కంపెనీ నుంచే నావిగేషన్‌తో వచ్చిన కార్లలో చాలావాటికి చక్రం ఎంత తిరిగింది, బండి ఎటు మళ్ళింది అనే లెక్క కూడా అందుతుంది. అండర్‌పాస్‌లో సిగ్నల్ పోయినా బాణం నడుస్తూనే ఉంటుంది. బయట మార్కెట్లో బిగించే స్టీరియోల్లో ఈ సౌకర్యం సాధారణంగా ఉండదు.

మలుపు దాటాక "ఎడమవైపు తిరగండి" అంటుంది

60 కి.మీ. వేగంలో బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. రెండు సెకన్లు లేటైతే చాలు, సందు దాటిపోతాం. మాట బ్లూటూత్‌లో వస్తుంటే మొదటి రెండు పదాలు మింగేయడం మామూలే. మ్యాపు సెట్టింగుల్లో బ్లూటూత్ ద్వారా వాయిస్ అనేది ఆపేసి ఫోన్ స్పీకర్లో విని చూడండి. అప్పుడూ లేటే అయితే యూనిట్ ప్రాసెసర్ నెమ్మది. 1 జీబీ, 2 జీబీ ర్యామ్ ఉన్న స్టీరియోలో పాటలు, మ్యాపు, రివర్స్ కెమెరా అన్నీ ఒకేసారి పెట్టుకుంటే ఇంతే. ఇక్కడ మాత్రం కొత్తది కొనడమే మేలు. చవక సెట్లలో సెట్టింగ్స్ చూపించే ర్యామ్‌ని నమ్మకండి, అబద్ధపు అంకె చూపించేలా తయారుచేసినవి మార్కెట్లో ఉన్నాయి. మ్యాపు తెరిచి, వెనక పాట పెట్టి, రెండు వేళ్ళతో జూమ్ చేసి చూస్తే అక్కడికక్కడే తెలిసిపోతుంది.

అడ్రస్ కొడితే ఇంకెక్కడికో తీసుకెళ్ళింది

ఐదో క్రాస్, రెండో మెయిన్ లేని లేఅవుట్ ఈ ఊళ్ళో ఉందా? లేఅవుట్ పేరు, పిన్‌కోడ్ లేకుండా కొడితే దగ్గరలో ఏదో ఒక ఐదో క్రాస్ చూపించి ఊరుకుంటుంది. పిలిచినవాళ్ళని వాట్సాప్‌లో లొకేషన్ పంపమనడమే సుఖం.

లొకేషన్ అంకెల్లో వస్తే మాత్రం జాగ్రత్త. మా ఆఫీసులో ఒకాయనకి గృహప్రవేశం కార్డు మీద 12 డిగ్రీల 58 నిమిషాలు, 77 డిగ్రీల 36 నిమిషాలు అని ఉంది. అది నగరం నడిబొడ్డు. ఆయన యూనిట్‌లో 12.58, 77.36 అని కొట్టాడు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 58 నిమిషాలంటే 0.967. ఆ చిన్న చుక్క ఆయన్ని దాదాపు 50 కి.మీ. అవతల, కనకపుర వైపు పంపింది. భోజనాల వేళకి వచ్చాడు లెండి. యూనిట్ సెట్టింగ్‌లో ఏ పద్ధతి ఉందో చూసుకున్నాకే అంకెలు కొట్టండి.

ఊరెళ్తుంటే మధ్యలో మ్యాపు మాయమైంది

చింతామణి దాటి మదనపల్లె రోడ్డెక్కాక ఫోన్ సిగ్నల్ పోతే చాలామంది జీపీఎస్ పోయిందనుకుంటారు. అది పోలేదు, దానికి సిమ్‌తో పనే లేదు. పోయింది మ్యాపు బొమ్మ. బయల్దేరే ముందు ఇంట్లో వైఫైలో మన జిల్లాల మ్యాపులు ఆఫ్‌లైన్‌గా దింపుకోండి. ట్రాఫిక్ ఎర్ర గీతలు మాత్రం ఇంటర్నెట్ లేనిదే రావు. తరచూ ఊళ్ళకి తిరిగేవాళ్ళకి మ్యాపు లోపలే ఉండే విడి నావిగేటర్ ఇప్పటికీ మంచి బేరమే. నగరం దాటనివాళ్ళకి అది దండగ.

చిన్నాచితకా

ఎండలో ఫోన్ కాలి చార్జింగ్ ఆగిపోతే స్టాండుని ఏసీ గాలి వచ్చే చోటికి మార్చండి. పాత యూనిట్ తేదీని 19 ఏళ్ళకు పైగా వెనక్కి చూపిస్తే కంగారు పడకండి. జీపీఎస్ వారాల లెక్క 1024కి చేరి మళ్ళీ సున్నా అవుతుంది, 2019 ఏప్రిల్ 6న అలాగే అయింది. కంపెనీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇస్తే వేసుకోండి, లేకపోతే దానికి రిటైర్మెంటే.

కొనక తప్పదంటే

క్యాబ్‌లకి పెట్టే ఏఐఎస్-140 డబ్బా దారి చూపించదు, బండి ఎక్కడుందో ఇతరులకి చెప్తుంది, అంతే. రెండూ ఒకటే అనుకుని కొన్నవాళ్ళు నాకు తెలుసు. మన దేశపు సొంత జీపీఎస్ లాంటి నావిక్ ముద్ర చూసి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. మన ఇస్రో శాటిలైట్లలో ఎల్‌1 సిగ్నల్ 2023 మేలో వెళ్ళిన ఎన్‌వీఎస్-01తోనే మొదలైంది, అంతకుముందువి ఎల్‌5, ఎస్ బ్యాండ్లలోనే పంపుతాయి. కాబట్టి ముద్ర సంగతి పక్కనపెట్టి, ఎల్‌5 పట్టే చిప్ ఉందా అని అడగండి, షాపువాడు తడుముకుంటే లేనట్టే.

బిగించడం అయ్యాక వెంటనే డబ్బు ఇచ్చేయకండి. యూనిట్ ఆపి, మళ్ళీ పెట్టి, జేసీ రోడ్డు చుట్టూ ఒక రౌండు వేసి శాటిలైట్ల అంకెలు చూడండి. ఫ్రేమ్ మూసే ముందు యాంటెన్నా ఎక్కడ పెట్టాడో, పసుపు, ఎరుపు వైర్లు ఎలా కలిపాడో ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి.