టార్గెట్: బాణం ఎవరి చేతిలో ఉందో చూసుకుని వాడండి

నేను అనువాదాలు దిద్దే పని చేస్తాను. తెలుగు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లే నివేదికల్లో నా పెన్సిల్ ఎక్కువసార్లు ఆగేది ‘టార్గెట్’ అన్న మాట దగ్గర. తేలిక మాట, రోజూ నోట్లో నలిగేదే. అందుకే దానికోసం ఎవరూ నిఘంటువు తెరవరు.

నేనూ తెరవలేదు. పనిలో చేరిన కొత్తలో టీకాల మీద ఒక నివేదిక వచ్చింది. ‘ఐదేళ్లలోపు పిల్లలపై ప్రత్యేకంగా దృష్టి పెట్టాం’ అన్న వాక్యాన్ని ‘వియ్ టార్గెటెడ్ చిల్డ్రన్ అండర్ ఫైవ్’ అని రాసేశాను. వ్యాకరణం సరిగానే ఉంది. ఆరోగ్య రంగంలో ఆ వాడుక కూడా ఉన్నదే. కాకపోతే దాని పై వాక్యం ఆ ప్రాంతంలో జరుగుతున్న కాల్పుల గురించి. రెండూ కలిపి చదివితే పిల్లల మీద దాడి చేసింది మేమే అన్నట్టు తేలింది. మా పెద్దాయన ఏమీ అనలేదు. ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, దాని చుట్టూ ఇంకో సున్నా చుట్టి, మధ్యలో చుక్క పెట్టి కాగితం నా ముందుకు తోశారు.

అప్పటినుంచి ఈ మాట రాయబోయే ముందు నన్ను నేను ఒకటే అడుగుతాను: ఇక్కడ గురి పెట్టింది ఎవరు?

అసలు అర్థం నుంచి మొదలుపెట్టండి. ఒలింపిక్ విలువిద్యలో ఆటగాడు 70 మీటర్ల దూరంలో నిలబడతాడు. ఎదురుగా 122 సెంటీమీటర్ల వెడల్పున్న రంగుల చక్రం. పది పాయింట్లు ఇచ్చే నడిమి వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లే. ఈ బొమ్మలో మూడున్నాయి: గురిపెట్టే మనిషి, వదిలే బాణం, తగలాల్సిన చోటు. ఆలంకారిక వాడుకలన్నిటిలోనూ ఈ మూడూ ఏదో ఒక రూపంలో ఉంటాయి. కనిపించకపోతే ఆ మాట అక్కడ పనికిరాదనే అర్థం.

ఇక్కడే ఒక చిన్న తప్పు దొర్లుతుంది. మనకు బాణం లక్ష్యానికి తగులుతుంది కాబట్టి, ఆ ‘కి’ చేతికి అంటుకుని ‘హిట్ టు ది టార్గెట్’ అని రాసేస్తాం. ‘టు’ అక్కర్లేదు, ‘హిట్ ది టార్గెట్’ చాలు. గురిపెట్టడానికి మాత్రం ‘ఎయిమ్ ఎట్’ అనాలి.

నాకు నచ్చే సంగతి ఒకటి చెప్పనివ్వండి. ఈ మాటకు ఇంగ్లీషులో మొదటి అర్థం చిన్న గుండ్రటి డాలు. పాత ఇంగ్లీషు నాటకాల్లో ఎవరైనా చేతిలో కత్తి, టార్గెట్ పట్టుకుని వస్తే, ఆ రెండోది డాలన్నమాట. గురిపెట్టి కొట్టే చోటు అన్న అర్థం 18వ శతాబ్దంలో వచ్చింది. దెబ్బను ఆపేదాని పేరు దెబ్బ తినేదానికి పోయింది.

ఇక అంకెల టార్గెట్. ఆఫీసుల్లో వినపడేది ఇదే. ‘టార్గెట్ కంప్లీట్ చేశాం’ అని మనం హాయిగా అంటాం. ఇంగ్లీషువాళ్లకు అది కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే బాణం తగులుతుంది గానీ పూర్తవదు. ‘మెట్’, ‘హిట్’, ‘రీచ్డ్’ వాడండి. దాటిపోతే ‘ఎక్సీడెడ్’, అందకపోతే ‘మిస్డ్’.

‘గోల్’కీ దీనికీ తేడా ఏమిటని కొత్తవాళ్లు అడుగుతుంటారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఒప్పుకున్న సుస్థిరాభివృద్ధి పత్రం చూడమంటాను. అందులో గోల్స్ 17, వాటి కింద టార్గెట్లు 169. అందరికీ ఆరోగ్యం అనేది గోల్. 2030 నాటికి ప్రపంచంలో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 70 కన్నా తగ్గాలి అనేది టార్గెట్. మొదటిది దిక్కు చూపిస్తుంది. రెండోదానికి అంకె ఉంది, గడువు ఉంది, తగిలిందో తప్పిందో తేల్చి చెప్పవచ్చు. క్రికెట్‌లోనూ అంతే: మొదటి జట్టు 250 కొడితే రెండో జట్టు టార్గెట్ 251, 250 కాదు. గెలుపు ఎక్కడ తగులుతుందో అదే అంకె.

మనుషుల విషయానికి వస్తే తెలుగు మనకు సాయమూ చేస్తుంది, మోసమూ చేస్తుంది. ‘విమర్శలకు గురయ్యాడు’ అంటాం. ఆ ‘గురి’ బాణం గురే. కాబట్టి ‘టార్గెట్ ఆఫ్ క్రిటిసిజం’ అని నిశ్చింతగా రాయవచ్చు. అదే ఊపులో ‘బస్సు ప్రమాదానికి గురైంది’ అన్నదాన్ని ‘టార్గెట్ ఆఫ్ యాన్ యాక్సిడెంట్’ చేశారో, చదివేవాడు నవ్వుతాడు. ప్రమాదం ఎవరూ గురిపెట్టి వేసేది కాదు. అనారోగ్యానికి గురైనా, ఆందోళనకు గురైనా అంతే. తెలుగు ‘గురి’కి విలుకాడు లేకపోయినా నడుస్తుంది, ఇంగ్లీషు టార్గెట్‌కు నడవదు. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం తప్పులు పోతాయి.

‘నన్ను టార్గెట్ చేస్తున్నారు’ అని మనం చిన్న చిరాకుకి కూడా అంటాం. ఫిర్యాదు ఉత్తరంలో అదే మాట ఇంగ్లీషులో పెడితే పథకం ప్రకారం వెంటపడుతున్నారనే ఆరోపణ అవుతుంది. పదిమందిలో నన్నొక్కడినే అన్నారు అని చెప్పాలంటే ‘సింగిల్డ్ మీ అవుట్’ చాలు.

ప్రకటనల సంగతికి వస్తే ‘టార్గెటెడ్ ఎట్ చిల్డ్రన్’ అని ‘ఎట్’ రావాలి. ‘ఫర్ చిల్డ్రన్’ అంటే పిల్లల కోసం చేసింది, ‘ఎట్’ అంటే పిల్లల మీదికి విసిరింది. వ్యాపారులు ఒప్పుకోరు గానీ, ఆ విభక్తి నిజం చెప్పేస్తుంది.

జంట మాటలు కొన్ని ఉన్నాయి. ‘సాఫ్ట్ టార్గెట్’ అంటే రక్షణ లేనిది, సులువుగా దెబ్బ కొట్టగలిగేది. ‘సిట్టింగ్ టార్గెట్’ తప్పించుకోలేక ఉన్నచోటే చిక్కుకున్నది. ‘మూవింగ్ టార్గెట్’ మన మత్స్యయంత్రమే, కాకపోతే అక్కడ అర్జునుడికి చేప తిరుగుతుందని ముందే తెలుసు. మనకు పని అప్పగించినవాళ్లు వారానికోసారి కోరికలు మార్చినప్పుడు ఇంగ్లీషులో ఈ మాటే వాడతారు. ‘ఆన్ టార్గెట్’ పని గడువుకు అందేలా సాగుతోందని చెప్పడానికి. ఫుట్‌బాల్ లెక్కల్లో మాత్రం దాని అర్థం బిగువుగా ఉంటుంది: గోల్ స్తంభానికి కొట్టుకుని బయటికి పోయిన బంతిని ‘షాట్ ఆన్ టార్గెట్’గా లెక్కించరు.

స్పెల్లింగ్: ‘టార్గెటెడ్’, ‘టార్గెటింగ్’ రాసేటప్పుడు ‘టి’ని రెట్టించకండి. ఊనిక, అంటే ఒత్తి పలకడం, మొదటి అక్షరం ‘టార్’ మీద ఉంది కాబట్టి ‘విజిటెడ్’లాగే ఒకటే ‘టి’. ‘అడ్మిటెడ్’లో ఊనిక చివర పడుతుంది కాబట్టి అక్కడ రెండు.

నా టీకాల వాక్యం చివరికి ‘వియ్ గేవ్ ప్రయారిటీ టు చిల్డ్రన్ అండర్ ఫైవ్’ అని అచ్చయింది. సున్నాలు చుట్టిన ఆ కాగితం ఇప్పటికీ నా సొరుగులో ఉంది.